తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

(మదనపల్లెలో జరిగిన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పుంగనూరు నుంచి, కుప్పం నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. గృహహింస గురించి మాట్లాడుకునే చోట ఈ కంప్యూటర్ల గోల ఏమిటని మీకు అనిపించవచ్చు. ముందు మా ఆఫీసులో జరిగింది వినండి.

ఏళ్ల తరబడి మా దగ్గరికొచ్చిన మహిళల వాంగ్మూలాలను ఒక డీటీపీ ఫాంటులో టైపు చేయించాం. ఆ ఫాంటు మేం కొన్నది కాదు, ఎవరో కాపీ చేసి ఇచ్చింది. కంప్యూటరు చెడిపోయింది. కొత్తదాంట్లో ఫైళ్లు తెరిస్తే అన్నీ పిచ్చిగీతలే. భరణం కేసులో ఒకామెకు పాత వాంగ్మూలం అవసరమైంది, వాయిదా మర్నాడే. బీరువాలో కాగితం ప్రతి దొరికింది కాబట్టి గండం గడిచింది. మాట ఆమెది, శ్రమ మాది, తాళంచెవి మాత్రం ఇంకెవరిదో!

అందుకే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు చూశాం. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో చూడొచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచొచ్చు. ఒక కార్యకర్త మా పాత లాప్‌టాపులో డెబియన్ పెట్టింది. అన్నీ పనిచేశాయి, వై-ఫై తప్ప. ఆ వై-ఫై చిప్పును నడిపించే ఫర్మ్‌వేర్ స్వేచ్ఛ లేనిది. దాన్ని విడిగా తెచ్చి పెట్టుకోవాల్సి వచ్చింది.

ఈ చిక్కు మా ఒక్కరిదే కాదు. 1993లో మొదలైన డెబియన్‌ను స్వచ్ఛంద కార్యకర్తలే నడుపుతున్నారు. 1997లో వాళ్లు ఒక సామాజిక ఒప్పందం రాసుకున్నారు. తమకు ముఖ్యమైనవి రెండు అన్నారు: వాడుకరులు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఈ రెండూ ఢీకొంటే? స్వేచ్ఛ లేనివాటిని తమ వ్యవస్థలో భాగం కావని ప్రకటించి, ‘నాన్‌ఫ్రీ’ అని పేరు రాసి వేరే అరలో పెట్టారు. ఆ అర తీసేయాలా అని 2004లో ఓటు పెట్టుకుని, ఉంచాలనే తేల్చుకున్నారు.

కాలం గడిచేకొద్దీ ఫర్మ్‌వేర్ లేనిదే కదలని యంత్రాలు పెరిగాయి. కొన్నింటిలో శబ్దం కూడా రాదు. చూపులేనివారు తెర మీది మాటలు చెవితో వినే కదా డెబియన్ ఎక్కించుకోవాలి! 2022లో మళ్లీ ఓటు జరిగింది. అవసరమైన ఫర్మ్‌వేర్‌ను అధికారికంగానే జతచేద్దామని, ఏది జతచేశామో చెబుదామని, వీలైనచోట వద్దనుకునే దారి ఉంచుదామని నిర్ణయించారు. దానికోసం ఒప్పందాన్నే సవరించారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో ఇది అమలైంది. ఫర్మ్‌వేర్‌కు వేరే అర కట్టారు.

ఇది రాజీ అనేవారున్నారు. 1985లో పుట్టిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, ‘నాన్‌ఫ్రీ’ అర ఉన్నందుకే డెబియన్‌ను సిఫారసు చేయదు. వారి మాటలో న్యాయముంది. ఒకసారి సందు ఇస్తే అది వాకిలి అవుతుంది. కానీ తలుపు మూసేస్తే బయట మిగిలేది ఎవరు? కొత్త యంత్రం కొనలేనివారు, చూపులేనివారు. నాకు నచ్చింది వాళ్ల నిజాయితీ. దాచలేదు, పేరు పెట్టారు, అందరూ కలిసి తేల్చారు.

కుప్పం వాళ్లకు కంప్యూటర్లు కొత్త కాదు. 2002లో హ్యూలెట్-ప్యాకార్డ్ కంపెనీ, ప్రభుత్వం కలిసి అక్కడ ‘ఐ-కమ్యూనిటీ’ మొదలుపెట్టాయి. డిజిటల్ కెమెరాలతో ఊళ్లలో ఫోటోలు తీసి సంపాదించుకున్న మహిళలున్నారు. అది మూడేళ్ల పథకం. పథకాలు వస్తాయి, పోతాయి. మన రికార్డులు మాత్రం మనతో మిగలాలి.

కాబట్టి నేను అడిగేది మూడే పనులు. మన ఆఫీసుల్లో ఏ సాఫ్ట్‌వేర్ ఎవరిదో ఒక జాబితా రాద్దాం, దొంగ కాపీలతో సహా. ఇక మీదట వాంగ్మూలాలన్నీ యూనికోడ్‌లో టైపు చేద్దాం. పోతన, వేమన ఫాంట్లు స్వేచ్ఛగా దొరుకుతున్నాయి. పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే పనిముట్లూ ఉన్నాయి. స్వేచ్ఛ లేనిది తప్పనిసరై వాడితే, ఎందుకు వాడుతున్నామో మినిట్స్ పుస్తకంలో రాసి, ఏడాదికోసారి మళ్లీ చర్చకు పెడదాం.

నమ్మి మనకు చెప్పుకున్న ఆడమనిషి మాటను, ఆమె అడిగిన రోజున ఆమె చేతిలో పెట్టగలగాలి. అది ఆమె హక్కు.