పరదేశములో ఇల్లు వెదకుచున్న కుటుంబమునకు

ఈ ప్రసంగము వినుచున్న ఎన్నో గృహములలో ఒక కుమారుడో, కుమార్తెయో, కోడలో విదేశములో ఉద్యోగము చేయుచున్నారు. వీసా కొరకు మనము ఉపవాసముండి ప్రార్థిస్తాము. పరీక్ష కొరకు, విమాన ప్రయాణము కొరకు ప్రార్థిస్తాము. ఇల్లు దొరకాలని ప్రార్థన అడిగేవారు మాత్రం తక్కువ. కాని విమానము దిగిన మరుసటి ఉదయము నుండి ఆ కుటుంబమును నిద్రపోనివ్వనిది ఇల్లే. కనుక ఈ రోజు ఆ విషయమే మాట్లాడుకొందము.

మీ దగ్గర బైబిలు ఉంటే ఆదికాండము 23వ అధ్యాయము తీయండి. ఈ అధ్యాయమును మనము ఎక్కువగా భూస్థాపన కూడికలలోనే చదువుతాము. శారా చనిపోయింది. ఆమె వయస్సు 127 సంవత్సరములు. లెక్క వేసి చూస్తే అబ్రాహాము కనానుకు వచ్చి అప్పటికి 62 ఏండ్లు. మందలున్నవి, పనివారున్నారు, బంగారమున్నది. భార్యను పాతిపెట్టుటకు మాత్రం తనదని చెప్పుకొనే జానెడు స్థలము లేదు. అప్పుడాయన హెబ్రోనులో హేతు కుమారుల యెదుట నిలిచి, తాను వారి మధ్య పరదేశినని ఒప్పుకొని స్థలము అడిగాడు. వారు ఎంతో మర్యాదగా ఉచితముగానే తీసికొమ్మన్నారు. పొలము యజమానియైన ఎఫ్రోను కూడా అదే మాట అన్నాడు. అబ్రాహాము సాగిలపడి నమస్కారము చేశాడు గాని ఉచితముగా తీసికోలేదు. నాలుగు వందల తులముల వెండి తూచి ఇచ్చాడు. పొలము, గుహ, పొలిమేరలోని చెట్లు, అన్నీ ఊరి గవిని దగ్గర కూర్చున్నవారి కళ్లయెదుట ఖరారైనవి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ దేశమంతా నీ సంతానమునకిస్తానని దేవుడు ఆయనకు వాగ్దానము చేసియున్నాడు. అయినను ఆ వాగ్దానమును అడ్డుపెట్టుకొని ఆయన సాక్షులు లేకుండా, తూకము లేకుండా, హద్దులు లేకుండా బేరము చేయలేదు. విశ్వాసమున్నవాడే అన్నీ నలుగురి ముందు తేల్చుకొన్నాడు.

ఇప్పుడు మన కాలమునకు వద్దాము. గుంటూరు నుండి ఒక కుటుంబము ఇంగ్లాండులోని లెస్టర్ నగరమునకు వెళ్లిందనుకొందాము. ఆమె ఆసుపత్రిలో నర్సు. భర్తకు ఇంకా పని దొరకలేదు. తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప. నవంబరు నెల. సాయంత్రము నాలుగు దాటితే చీకటి. తెలిసినవారి ఇంటి హాలులో నాలుగు పెట్టెలు పెట్టుకొని పడుకొంటున్నారు. మొదటి వారము ఆ ఇంటివారు ఎంతో సంతోషముగా వండిపెట్టారు. రెండవ వారము స్నానాల గది దగ్గర ఇబ్బంది మొదలైంది. మూడవ వారము ఆమె మెల్లగా, "ఏమండీ, ఏదో ఒకటి తీసేసుకుందామండీ" అంటున్నది. అటు పక్క ఊరి నుండి అమ్మ ఫోను: "ఏం నాయనా, ఇంకా ఇల్లు దొరకలేదా? ఫలానావాళ్ల అబ్బాయికి వారములోనే దొరికిందటగా!"

ప్రియులారా, ఈ "ఏదో ఒకటి" అనే మాట దగ్గరే కుటుంబములు చిక్కుబడుతున్నవి. తొందర ఒక పక్క, మొహమాటము ఒక పక్క. మోసగాడు కనిపెట్టుకొని యుండేది సరిగ్గా ఈ సమయము కొరకే. నెట్‌లో మంచి ఇంటి ఫోటోలు పెట్టి, తక్కువ అద్దె చెప్పి, యజమాని విదేశములో ఉన్నాడు, తాళము పోస్టులో వస్తుంది, ముందు డబ్బు పంపండి అంటాడు. ఇల్లు లోపలికి వెళ్లి చూడకుండా ఒక్క పౌను కూడా పంపవద్దు. మీరింకా రాకపోతే అక్కడున్న నమ్మకమైనవారిని పంపి చూపించుకోండి.

మన ఊళ్లో పద్ధతి మనకు తెలుసు. టులెట్ బోర్డు చూసి మేడ మెట్లెక్కి "అమ్మా, ఇల్లు ఖాళీ ఉందాండీ?" అని అడుగుతాము. వాళ్లు మన కులము అడుగుతారు, మాంసము వండుతారా అని అడుగుతారు. ఆ ప్రశ్నలు మనలను ఎంత నొప్పించాయో ఇప్పుడు చెప్పనక్కరలేదు. ఇంగ్లాండులో ప్రశ్నలు వేరు. నీ జీతమెంత, నీ అప్పుల చరిత్ర ఏమిటి, ఇంతకుముందు అద్దెకున్న యజమాని ఏమంటాడు? అద్దె నెలకు 1,200 పౌన్లయితే ఏడాది జీతము 36,000 ఉండాలని చాలామంది ఏజెంట్లు చూస్తారు. అంటే నెల అద్దెకు ముప్పది రెట్లు. కొత్తగా వచ్చినవారికి ఆ దేశములో అప్పుల చరిత్రే ఉండదు. అందుకని ఎన్నో ఏండ్లుగా వారిని ఆరు నెలల అద్దె ఒకేసారి కట్టమనేవారు. నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇక్కడ అప్పు తెచ్చి అక్కడ కట్టిన కుటుంబములున్నవి.

ఇప్పుడు చట్టము మారింది. ఇది జాగ్రత్తగా వినండి. 2025 అక్టోబరులో ఆమోదము పొందిన అద్దెదారుల హక్కుల చట్టము ప్రకారము, 2026 మే 1వ తేదీ నుండి ఇంగ్లాండులో ప్రైవేటు ఇంటి యజమాని ఒక నెల అద్దె కంటె ఎక్కువ ముందుగా కట్టమనడానికి వీలులేదు. ప్రకటనలో వేసిన అద్దెకు మించి ఎవరు పాడితే వారికే అనడానికి వీలులేదు. పిల్లలున్నారని ఇల్లు లేదనడానికీ వీలులేదు. కారణము చెప్పకుండా ఖాళీ చేయించే పాత పద్ధతి కూడా ఆ తేదీతో పోయింది.

ఏజెంటుకు కమీషను, కాగితాల ఖర్చు అని అద్దెదారు దగ్గర తీసికొనుట 2019 జూన్ 1 నుండే నిషేధము. ఇల్లు ఆపి ఉంచమని కట్టే సొమ్ము ఒక వారము అద్దెకు మించకూడదు. 1,200 పౌన్ల ఇంటికైతే అది 276 పౌన్ల చిల్లర. మనము అడ్వాన్సు అనేది అక్కడ డిపాజిట్. సంవత్సరపు అద్దె 50,000 పౌన్ల లోపు ఉంటే అయిదు వారముల అద్దె వరకే, అంటే ఇదే ఇంటికి 1,384 పౌన్ల చిల్లర. యజమాని దానిని తన జేబులో ఉంచుకొనకూడదు. 30 రోజులలోగా ప్రభుత్వము ఆమోదించిన డిపాజిట్ రక్షణ పథకములో చేర్చి, ఆ వివరములు మీకు ఇవ్వాలి. ఇవ్వకపోతే అడగండి. అడిగితే ఏమనుకొంటారో అని మనవారు ఊరకుంటారు. ఎఫ్రోను ఏమనుకొంటాడో అని అబ్రాహాము ఊరకున్నాడా? ఇవన్నీ ఇంగ్లాండు సంగతులు సుమా; స్కాట్లాండ్, వేల్స్‌లలో చట్టములు వేరు.

మరొక కాగితము ఉన్నది. ఇంగ్లాండులో ఇల్లు అద్దెకివ్వాలంటే, అక్కడ ఉండుటకు మీకు హక్కున్నదని యజమాని ముందుగా చూడాలి. 18 ఏండ్లు నిండిన ప్రతివారికీ ఇది వర్తిస్తుంది. ఇప్పుడు వీసా కంప్యూటరులో ఉంటుంది గనుక మీరే ప్రభుత్వ వెబ్‌సైటులోనికి వెళ్లి ఒక షేర్ కోడ్ తీసి ఇవ్వాలి. అది 90 రోజులు పనిచేస్తుంది. ఆ కోడ్ ఇవ్వండి, పుట్టిన తేదీ ఇవ్వండి. మీ ఖాతా పాస్‌వర్డు మాత్రం ఎవరికీ ఇవ్వవద్దు. పాసుపోర్టు చూపించండి గాని వారి దగ్గర వదలి రావద్దు.

ఇక ఇల్లు చూడడానికి వెళ్లినప్పటి సంగతి. ఏజెంటు పావుగంట సమయమిస్తాడు. ఆ పావుగంటలో వంటగది బాగుందా, బస్సు దగ్గరా అని చూసి వచ్చేస్తారు. నేనైతే మొదట ముక్కుతో చూడండి అంటాను. తలుపు తీయగానే మగ్గిన వాసన వస్తున్నదా? బీరువా వెనుక, మంచము వెనుక, కిటికీ చట్రముల మూలలలో నల్లని మచ్చలున్నవా? ఒక గోడకు మాత్రమే కొత్తగా రంగు వేసి ఉన్నదా? వేడినీళ్ల కుళాయి తిప్పండి. స్నానాల గదిలో గాలి లాగే ఫ్యాను తిరుగుతున్నదా అడగండి. ఇంటి వేడి ఎంత నిలుస్తుందో చెప్పే శక్తి ధ్రువపత్రము చూపించమనండి. దానిలో 'ఎ' అన్నిటికంటె మంచిది, 'జి' అన్నిటికంటె చెడ్డది. ఆ అక్షరమును బట్టి చలికాలములో మీ గ్యాసు బిల్లు ఉంటుంది.

గోడ మీది బూజుకు ఇంత ప్రసంగమా అని కొందరు అనుకోవచ్చు. సూడాన్ దేశము నుండి ఇంగ్లాండు వచ్చిన ఒక తల్లిదండ్రులు రోచ్‌డేల్ పట్టణములో ఒక ఫ్లాటులో ఉండేవారు. బూజు పడుతున్నదని తండ్రి 2017 నుండే ఫిర్యాదు చేశాడు. రంగు వేసికొమ్మన్నారు. వారి జీవన విధానమే దానికి కారణమన్నట్టు భావించారు. 2020 డిసెంబరులో వారి బిడ్డ అవాబ్ ఇషాక్ చనిపోయాడు. వాడికి రెండేళ్లు. ఆ ఇంటిలోని బూజును ఎక్కువ కాలము పీల్చినందువలన వచ్చిన శ్వాస వ్యాధియే కారణమని 2022 నవంబరులో విచారణాధికారి తేల్చారు. ఆ బిడ్డ పేరుతోనే ఒక చట్టము వచ్చింది. 2025 అక్టోబరు 27 నుండి సామాజిక గృహములలో ప్రమాదకరమైన తేమ, బూజు గురించి ఫిర్యాదు వస్తే యజమానులు నిర్ణీత గడువులలో చర్య తీసికోవాలి.

మన వంటల ఆవిరి వలననే బూజు వస్తున్నదని మన కుటుంబములతో కూడా అంటారు. గిన్నె మీద మూత పెట్టడం, ఫ్యాను వేయడం, బట్టలు ఆరేసిన గది కిటికీ కాస్త తీయడం మన బాధ్యతే. పైకప్పు కారడము, గొట్టము పగలడము, గోడలో తేమ దిగడము యజమాని బాధ్యత. ఫోనులో చెప్పి ఊరుకోవద్దు. ఫోటో తీసి ఈమెయిలులో పంపండి. జవాబు రాకపోతే స్థానిక కౌన్సిలుకు వ్రాయండి. షెల్టర్, సిటిజన్స్ అడ్వైస్ అనే సంస్థలు ఉచితముగా సలహా ఇస్తాయి. ఇంటిలో దిగిన మొదటి రోజునే ప్రతి గదికి, ప్రతి గీతకు, ప్రతి మరకకు ఫోటోలు తీసి పెట్టుకోండి. ఖాళీ చేసే రోజున మీ డిపాజిట్‌ను కాపాడేవి అవే.

ఇప్పుడు కొంచెము కష్టమైన మాట. "మనవాళ్లే కదా" అని కాగితము లేకుండా చేరే గది. మనవాడే ఒకడు ఇల్లు అద్దెకు తీసికొని, యజమానికి తెలియకుండా గదులు మరల అద్దెకిస్తాడు. డబ్బు చేతికి, రసీదు లేదు. చిరునామాకు కాగితము లేదు గనుక బ్యాంకు ఖాతా దగ్గర ఆగిపోతారు, పిల్లల బడి దగ్గర ఆగిపోతారు. అక్కడ బడిలో చోటు చాలావరకు ఇంటి చిరునామాను బట్టే ఉంటుంది. రెండు మూడు కుటుంబములకు చెందిన అయిదుగురు గాని అంతకంటె ఎక్కువ మంది గాని ఒకే వంటగది వాడుకొంటూ ఒక ఇంటిలో ఉంటే ఆ ఇంటికి కౌన్సిలు లైసెన్సు ఉండాలి. అది లేకుండా పట్టుబడితే ఆ రాత్రి పెట్టెలు సర్దుకొనేది ఎవరు? భాష ఒకటే, సంఘము ఒకటే అని ఒప్పందము వ్రాసికోకపోవడము ప్రేమ కాదు. ఎఫ్రోను, తనకు అబ్రాహాముకు మధ్య నాలుగు వందల తులములు ఏపాటివి అన్నట్టు మాట్లాడాడు. అబ్రాహాము ఆ మాటకు పొంగిపోలేదు, త్రాసు తెప్పించాడు.

హామీదారుని గూర్చి కూడా ఒక మాట. అప్పుల చరిత్ర లేనివారిని హామీ తెమ్మంటారు. వెంటనే సంఘములో ఉద్యోగమున్న అన్నయ్య దగ్గరకో, పాస్టరుగారి దగ్గరకో వెళ్తారు. హామీ అంటే ఊరికే సంతకము కాదు. అద్దె కట్టకపోయినా, ఇల్లు పాడుచేసినా ఆ సొమ్ము హామీదారుడు కట్టాలి. సామెతల గ్రంథము పొరుగువానికి పూటపడుటను గూర్చి పలుమార్లు హెచ్చరించుచున్నది. అడిగేవారు దీనిని తెలిసి అడగాలి. కాదన్నవారిని ప్రేమలేనివారని అనవద్దు. ముందు పనిచేసే ఆసుపత్రిని జీతము, ఉద్యోగ కాలము తెలిపే ఉత్తరము అడగండి. అది చాలాసార్లు పని చేస్తుంది.

అయితే సంతకము కంటె సులభమైన సహాయములు సంఘమునకు ఉన్నవి. ఆ దేశములో పదేళ్లుగా ఉంటున్న సహోదరులారా, కొత్త కుటుంబము ఇల్లు చూడడానికి వెళ్లేటప్పుడు మీరొకరు వెంట వెళ్లండి. ఒప్పందము వారితో కూర్చుని చదవండి. ఆమె రాత్రి డ్యూటీలో ఉంటే పిల్లలను ఒక్క సాయంత్రము చూడండి. మీ హాలు ఎన్ని వారములు ఇవ్వగలరో మొదటి రోజే నోరు తెరచి చెప్పండి. నాలుగు వారములంటే నాలుగు వారములు. వచ్చినవారు కూడా కరెంటుకు, కూరగాయలకు మా వంతు ఇంత అని మొదటి రోజే చెప్పండి. స్నానాల గది దగ్గర పాడైపోయే స్నేహములు చాలావరకు ఇలా నిలుస్తాయి.

ఇక్కడున్న తల్లిదండ్రులారా, మీతో చివరిగా మాట్లాడుచున్నాను. మీ అమ్మాయి ఫోను చేసినప్పుడు ఇల్లు దొరికిందా అని వెంటనే అడగకండి. భోజనము చేశావా అమ్మా అనండి. ఫలానావారి అబ్బాయి సొంత ఇల్లు కొన్నాడని ఇప్పుడు చెప్పకండి. బడి ఎక్కడ, బస్సు ఎక్కడ, నర్సు ఉద్యోగములో రాత్రి ఇంటికి నడచి రావడానికి దారిలో వెలుతురు ఉన్నదా అని అడగండి. ఏ ఇల్లు తీసికోవాలో అల్లుడు ఒక్కడే తేల్చకుండా, చలికాలమంతా ఆ ఇంట్లో పిల్లలతో ఉండవలసినవారు కూడా వెళ్లి చూశారా అని అడగండి.

మన సమయము ముగిసింది. ఈ రాత్రి ఇతరుల హాలులో పెట్టెల మధ్య పడుకొన్న కుటుంబముల కొరకు, రేపు ఇల్లు చూడడానికి వెళ్తున్నవారి కొరకు ప్రార్థన చేసికొందము.