పాఠశాలలో హరిత రసాయన శాస్త్రము



ఈ వార్షిక మహాసభయందు విద్యావిషయమున నాలుగు మాటలు విన్నవించు నవకాశ మొసంగిన కార్యవర్గమువారికి మా కృతజ్ఞతలు. మేము బాల్యమున సంస్కృతమును, పిదప రసాయన శాస్త్రమును అభ్యసించి, ఉన్నత పాఠశాలయందు ఈ రెండవదానినే బోధించి విశ్రాంతి పొందినవారము. కావున ముందుగా మా దోషమునే చెప్పుకొందుము.

లెడ్ నైట్రేటు ద్రావణమున పొటాషియం అయొడైడు ద్రావణమును కలిపిన పసుపుపచ్చని అవక్షేపము కనులపండువుగా నేర్పడును. ఏటేట ఆ ప్రయోగమును చేయించితిమి; ఏటేట ఆ ద్రవమును పాఠశాల వెనుక కాలువలో పోయించితిమి. లెడ్డనగా సీసము; సీసము విషమని బోధించినవారమును మేమే! ఒకనాడొక బాలిక, "మాస్టారూ! ఈ నీళ్లు ఎక్కడికి పోవును?" అని యడిగినది. మాకు ప్రత్యుత్తరము తోచలేదు.

ఆ ప్రశ్నయే హరిత రసాయన శాస్త్రమునకు ప్రాణము. 1998లో పాల్ అనస్టాస్, జాన్ వార్నర్ అను అమెరికా పండితులు దీనికి 12 సూత్రములను కూర్చిరి. వ్యర్థము పుట్టిన పిమ్మట శుద్ధి చేయుటకంటె, పుట్టకుండ జేయుటయే మేలనునది మొదటి సూత్రము. మన పండితులు పంకప్రక్షాళన న్యాయమని చెప్పునది యిదియే: బురద నంటించుకొని కడుగుకొనుటకంటె దానికి దూరముగా నుండుట లెస్స. ఇందుచే పూర్వులకీ శాస్త్రము తెలియునని మేమనము. న్యాయమొక్కటియే యని మాత్రమే మా మనవి.

రెండవ సూత్రము పరమాణువుల పొదుపు. ఈ భావమును 1991లో బారీ ట్రోస్ట్ ప్రతిపాదించెను. దీనిని బోధించుటకు సున్నపుబట్టీ చాలును. 100 మణుగుల శుద్ధమైన సున్నపురాయిని కాల్చిన 56 మణుగుల సున్నము దక్కి, 44 మణుగులు బొగ్గుపులుసు వాయువై పోవును. ఆ 56 మణుగుల సున్నమును 18 మణుగుల నీటితో విరియించిన 74 మణుగుల తడిసున్నమగును. ఒక్క పరమాణువును వృథా కాదు. రెండు చర్యలును పదవ తరగతి పుస్తకమున నున్నవే. ఈ లెక్క మాత్రమే మనము చేయింపము. ఇట్టి లెక్కతో చూచిన, నొప్పికి వాడు ఐబుప్రొఫెన్ తయారీ ఆరు దశలనుండి మూడింటికి తగ్గి, పరమాణువుల పొదుపు నూటికి 40 నుండి 77కు పెరిగినది.

2022-23లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలివారు పాఠ్యభారమును తగ్గించినపుడు, పదునొకండవ తరగతి పుస్తకమునుండి పర్యావరణ రసాయన శాస్త్రాధ్యాయము తొలగినది. హరిత రసాయన శాస్త్ర ప్రకరణము అందే యుండెడిది. మేము విచారించితిమి. కాని కడపటి అధ్యాయముగా నున్నపుడు దానిని పరీక్షకై వల్లించినవారే మెండు. ప్రత్యేకాధ్యాయము లేకున్నను ప్రతి చర్యకును మూడు ప్రశ్నలు వేయవచ్చును: ఏమి వాడితిమి? ఏమి మిగిలెను? మిగిలినది ఎక్కడికి పోవును?

అవక్షేపమును చూపుటకు సీసమేల? కాల్షియం క్లోరైడు ద్రావణమున బట్టలసోడా ద్రావణమును కలిపిన తెల్లని సుద్ద యడుగున దిగును. పైనీటిలో మిగులునది ఉప్పు. ఆమ్లక్షార పరీక్షకు పసుపును మందారపువ్వును గలవు. పరీక్షనాళికెడు ద్రవమునకు మారుగా పది చుక్కలతో పని జరుగును.

ఇది బడితో ముగియు విషయము కాదు. పటాన్‌చెరు కర్మాగారముల వ్యర్థజలములచే నక్కవాగు చెడినది. 2020 మే 7న విశాఖపట్టణమున స్టైరీను ఆవిరి నిదురించువారి ప్రాణములను గొనినది. మన బిడ్డలలో కొందరు రేపు కర్మాగారములందు అధికారులగుదురు. కొందరు ఆ వాగుల యొడ్డున కాపురముందురు. ఇరువురికిని ఈ చదువు కావలెను.

పోషకులారా! అత్యధిక మార్కులకు మీరు పతకము లొసంగుచున్నారు, సంతోషము. ఇకమీదట, తక్కువ వ్యర్థముతో ఒక పాఠ్యప్రయోగమును చేసిచూపిన విద్యార్థికి ఒక బహుమానమును, మన వసతిగృహమునకు చుక్కల సీసాల పెట్టెలు కొన్నిటిని దయచేయుడు. ఆ బాలికకు మేమీయలేకపోయిన యుత్తరమును మన పిల్లలైన నీయగలుగుదురుగాక!