నాలుగోసారి చెప్పినవాళ్లు



ఈ స్మారకోపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఇక్కడున్న అందరికీ తెలుసు. అచ్చులో మాత్రం పేరు వేయొద్దని ఇంటివాళ్లు కోరారు. అందుకే మనమంతా పిలిచినట్టే సర్దారన్న అంటాను. బాయిలో, అంటే బొగ్గు గనిలో, ఆయన మైనింగ్ సర్దార్; షిఫ్టులో మనుషుల భద్రత చూసుకునేవాడు. ఆదివారం పొద్దున్నే వచ్చి మన ప్రార్థన మందిరంలో చాపలు పరిచేదీ ఆయనే.

కాలం మారుతుంటే విశ్వాసం ఇచ్చే ధైర్యం గురించి మాట్లాడమన్నారు. ధైర్యం అనగానే మనకు వాచ్‌నైట్ ఆరాధనలో పంచే వాగ్దాన కార్డు గుర్తొస్తుంది. యెహోషువ గ్రంథం మొదటి అధ్యాయంలోని ‘నిబ్బరంగా ఉండు’ అన్న మాట మన గోదావరిఖనిలో ఎన్ని ఇళ్ల గోడల మీద ఉందో! మోషే చనిపోయాడు, నాయకుడు కొత్తవాడు, ఎదురుగా నది. ఆ అధ్యాయం పుట్టిందే మార్పులోంచి. సర్దారన్న ఒకసారి దాన్ని వేలు పెట్టి చూపించాడు. నిబ్బరంగా ఉండమన్న మాట అక్కడ నాలుగుసార్లు వస్తుంది. మూడుసార్లు చెప్పింది దేవుడు. నాలుగోసారి చెప్పింది జనం. సందర్భాన్ని బట్టి చూస్తే ఆ జనం రూబేను, గాదు, మనష్షే అర్ధగోత్రాలవాళ్లు. యొర్దానుకు ఇవతలి ఒడ్డునే వాళ్లకు భూమి దొరికింది. కాపురాలు కుదురుకున్నాయి. అయినా మిగతావాళ్ల కోసం నది దాటడానికి ఒప్పుకుని, అప్పుడు ఆ మాట అన్నారు. మూడు మాటలు కార్డుల మీదికి ఎక్కాయి. నాలుగోదాన్ని మనం ఎక్కువగా పట్టించుకోలేదు. ఇవాళ నేను చెప్పేది దాని గురించే.

మన నది గోదావరి. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు జాడ కనుక్కున్నాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కంపెనీకి ఆ పేరు వచ్చింది. రామగుండం వైపు గనులు విస్తరించింది 1960ల తొలినాళ్లలో. పక్క జిల్లాల నుంచి తట్టాబుట్టా సర్దుకుని వచ్చినవాళ్ల పిల్లలం మనం. మన తండ్రులకు మార్పంటే ఊరు విడిచి బాయి దిగడం. మనకు మార్పంటే బాయి మూతపడటం. 1990ల మొదట్లో కంపెనీలో లక్షకు పైగా కార్మికులుండేవారు, ఇప్పుడు నలభై వేలకు అటూ ఇటూ ఉన్నారు. అండర్‌గ్రౌండ్ తగ్గి ఓపెన్‌కాస్ట్ పెరిగింది. ఎరువుల కార్ఖానా 1999లో ఆగిపోయి 2021లో కొత్త పేరుతో మళ్లీ మొదలైంది. 1971 నుంచి నడిచిన 62.5 మెగావాట్ల రామగుండం బీ థర్మల్ కేంద్రం 2024లో మూతపడింది. ఆ చిమ్నీని చూసి వాన వస్తుందో రాదో చెప్పిన ముసలివాళ్లు మన సంఘంలో ఉన్నారు.

సంఘం అన్నాను. ఈ బొగ్గుబెల్టులో ఆ మాటకు రెండు అర్థాలు. గేటు మీటింగు పెట్టేదీ సంఘమే, రొట్టె విరిచేదీ సంఘమే. కొందరు పాస్టర్లకు మొదటిది గిట్టదు, కొందరు నాయకులకు రెండోది గిట్టదు. సర్దారన్న రెండింటికీ చందా కట్టాడు. ప్లే డే డ్యూటీకి రెట్టింపు జీతం వస్తుందని తెలిసీ ఆదివారం డ్యూటీలు వదులుకున్నాడు. కానీ సమ్మె రోజున ప్రార్థన పేరు చెప్పి తప్పించుకోలేదు. ఇంగ్లండులోని డర్హం బొగ్గు ప్రాంతంలోనూ మెథడిస్టు ప్రసంగీకులే చాలామంది కార్మిక సంఘాలను నడిపారు. మందిరంలో నలుగురి ముందు నోరు విప్పడం నేర్చుకున్నవాడు గేటు దగ్గర కూడా విప్పగలడు. 1904లో వేల్స్‌లో ఉజ్జీవం లేపిన ఇవాన్ రాబర్ట్స్ చిన్నప్పుడే గనిలో పనిచేసినవాడు. ఆ రోజుల్లో గని కార్మికులు బూతులు మానేస్తే, బండ్లు లాగే గుర్రాలకు మాట అర్థంకాక నిలబడిపోయాయని చెప్పుకుంటారు. మన బాయిల్లో ఆ ప్రయోగం ఇంకా జరగలేదు!

దగ్గరి చరిత్రకే వస్తాను. ఇల్లెందు బొగ్గు రైలు మార్గం చీలే జంక్షన్ డోర్నకల్. తిరునెల్వేలి తమిళుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య తన 35వ ఏట, 1909లో, మంచి ఉద్యోగం వదిలి అక్కడికి వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. మధ్యలో, 1910లో, ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో తెల్ల మిషనరీల ముందు నిలబడి, మీ త్యాగాలు చూశాం, ఇక మాకు స్నేహం కావాలన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. పరాయి పాలనలో, వాళ్ల సభలోనే ఆ మాట అనడం చిన్న విషయం కాదు. ఆయన అడిగింది కూడా నాలుగో మాటే. పక్కన నడిచే మనిషిని అడిగాడు.

ఇప్పుడు సర్దారన్న సంగతి. ఒకరోజు షిఫ్టు మొదట్లో కర్రతో రూఫ్ కొట్టి చూశాడు. గట్టి రూఫ్ ఖంగుమంటుంది, విడిపోయిన రూఫ్ డొల్లగా పలుకుతుంది. డొల్లగా పలికింది. మనుషుల్ని వెనక్కి తెచ్చి ఆ దారికి అడ్డం కట్టాడు. ఆ రోజు బొగ్గు పోతుంది కాబట్టి తోటివాళ్లే గొణిగారు. “ప్రార్థన చేసుకునే వచ్చినవ్ గదా అన్నా, ఇంక భయమెందుకు?” అని ఒకాయన ఎగతాళి చేశాడు. “చేసిన. అందుకే ఇనవడ్డది” అన్నాడు సర్దారన్న.

ఆ రూఫ్ ఆ రోజు కూలలేదు. రూఫ్‌కు ఆనుగా దిమ్మలు పెట్టాక అక్కడే బొగ్గు తీశారు. ఏమీ కాలేదు గదా అని చాలా రోజులు ఆడిపోసుకున్నారు. కూలి ఉంటే ఆయన్ని భుజాల మీద మోసేవాళ్లు. కూలకపోతే నవ్వుతారని తెలిసీ ఆపాడు చూడండి, నాకు ధైర్యం కనిపించింది అక్కడ. బాయి దిగడంలో ఉన్నది చాలావరకు అలవాటు, కొంత అప్పు.

మన ప్రసంగాల్లో ఒక లోపం ఉంది, చెప్పక తప్పదు. దేవుడు చూసుకుంటాడులే అనడాన్ని విశ్వాసం అనుకుంటున్నాం. దేవాలయ శిఖరం మీంచి దూకమని, దూతలు పట్టుకుంటారని శోధకుడు యేసుతో అన్నప్పుడు వాడు వాడుకున్నదీ వాక్యమే. యేసు దూకలేదు. దిమ్మ లేని రూఫ్ కిందికి స్తోత్రం చెప్పుకుంటూ వెళ్లడం ఆ దూకుడే. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో నీళ్లు ముంచెత్తి 17 మంది పోయారు. అలాంటి ఇళ్లకు వెళ్లి ‘దేవుని చిత్తం’ అని తేల్చేసి రావడం నాకు చేతకాదు. సాక్ష్యం అనే మాటకూ మన దగ్గర రెండు అర్థాలున్నాయి. మైకు ముందు చెప్పే సాక్ష్యం మనకు బాగా వచ్చు. విచారణలో చూసింది చూసినట్టు చెప్పే సాక్ష్యానికి గొంతు పెగలాలి. వాక్యంలో మన పని గురించీ ఉంది: యోబు గ్రంథం 28వ అధ్యాయం గని పనితోనే మొదలవుతుంది. మనుషులు చీకట్లోకి దీపం తీసుకెళ్లి, ఎవరూ నడవని చోట వేలాడుతూ పనిచేస్తారని ఉంటుంది. బొగ్గుగనుల సంఘాల్లో దాని మీద ప్రసంగం నేను రెండుసార్లే విన్నాను.

ఇంకొక భయం ఉంది. దాన్ని మనం మందిరంలో ఎత్తం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. మన రాష్ట్రంలో అతను బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. అందుకే కాగితంలో ఒక పేరు, బాప్తిస్మంలో ఒక పేరు. ఇది పిరికితనమని తిట్టే బోధకులను విన్నాను. ధైర్యాన్ని ఎప్పుడూ పేదవాడినే ఎందుకు అడుగుతారో నాకు అర్థం కాదు. ఇవతలి ఒడ్డున భూమి దొరికినవాళ్లను ముందు అడగాలి.

సర్దారన్న చివరికి మెడికల్ అన్‌ఫిట్ అయ్యాడు. ఆయన బదులు కంపెనీలో ఉద్యోగం కూతురికి వచ్చింది. చేరే ముందు రాత్రి వాళ్లింట్లో కూడిక పెట్టారు. పాటలు అయ్యాయి, వాక్యం అయింది. ఆ పిల్ల తల దించుకుని, భయమవుతోందని చెప్పింది. అందరం ఏదో వచనం చెప్పబోయాం. గోడకు ఆనుకున్న రిటైర్డ్ కోల్‌ఫిల్లర్ పెద్దాయన ముందే అడిగాడు.

“ఏ షిఫ్టు బిడ్డా?”

“ఫస్టే, పెద్దయ్యా.”

“అయితే చీకటితోనే తయారుగుండు. బస్సు దాక నేనొస్త.”

మూలనున్న కర్రకేసి చూశాడు సర్దారన్న. ఏమీ అనలేదు. చాపలు ఎత్తడానికి లేచాడు.