స్తన్యపానమును, శిశువుల స్థూలకాయమును



విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు గంభీరములగు నుపన్యాసములు జరిగిన యీ వేదికమీద నిలిచి చంటిబిడ్డల పాలను గూర్చి మాటలాడుట మీలో గొందఱకు చిన్నసంగతిగా దోచవచ్చును. కాని వసతిగృహమున జేరవచ్చు బాలు డెవ్వడును పదునాఱేండ్లవాడుగా బుట్టలేదు గదా! వాని దేహమునకు పునాది తల్లి గర్భమునందును, పుట్టిన పిదప రెండేండ్లలోను పడినది. మనము విద్యార్థివేతనము నిచ్చునాటికి ఆ భాగము ముగిసియే యుండును.

కార్యనిర్వాహకులు నా కొసగిన ప్రశ్న యిది: తల్లిపాలు త్రాగిన బిడ్డకు ముందుముందు స్థూలకాయము రాకుండునా? "రాదు" అని యొక్కమాట చెప్పి కూర్చుండినచో మీరును సంతోషింతురు, నా పనియు సుళువగును. అట్లు చెప్పు కరపత్రములు పలుతావుల బంచిపెట్టబడుచున్నవి. వానిని వ్రాసినవారి యుద్దేశము మంచిదే. ఐనను శాస్త్రము చెప్పినదానికంటె నెక్కువ చెప్పుట మంచిపనికి సైతము మేలు చేయదు. చనుబాలు త్రాగి పెరిగిన పిల్లవాడు పదియవయేట లావెక్కినచో ఆ కరపత్రమును నమ్మిన తల్లి తన పాలలోనే లోపముండెనేమో యని కుమిలిపోవును. పాలు పడని తల్లియో, మొదటినుండియే దోషిగా నిలుచును. ఈ రెండును అన్యాయములే.

పాత సంగతి యొకటి మొదట మనవిచేసెదను. 1939వ సంవత్సరమున సింగపూరులో డాక్టరు సిసిలీ విలియమ్సు అను వైద్యురాలు అచ్చటి రోటరీ క్లబ్బువారి యెదుట నుపన్యసించుచు, చనుబాలు మాన్పించి తీపి డబ్బాపాలు పట్టించుటచే శిశువులు మరణించుచున్నారని నిర్భయముగా బలికెను. "పాలును, హత్యయు" అని ఆ యుపన్యాసమునకు బేరు. ఆ కాలమున సీసాపాల బిడ్డ యనగా విరేచనములతో గృశించి యెముకలు తేలిన బిడ్డ. నీరు మురికి, సీసా శుభ్రము లేదు, డబ్బా ఖరీదునకు జడిసి పొడి తగ్గించి నీరు హెచ్చుగా గలుపుట గలదు. పేదయిండ్లలో నీ యపాయము నేటికిని పోలేదు. పేదయింట బిడ్డను గృశింపజేసిన సీసాయే కలిగినయింట బిడ్డను లావెక్కించుచున్నదా యను సందేహము మాత్రము తరువాతి తరమువారిది.

ఈ సందేహమునకు బలమిచ్చిన పరిశీలనలలో నొకటి జర్మనీలోని బవేరియా రాష్ట్రమున జరిగి 1999లో బ్రకటింపబడెను. బడిలో జేరబోవు అయిదాఱేండ్ల పిల్లలను తొమ్మిదివేలమందికి పైగా బరీక్షించిరి. చనుబాలు ఎన్నడును త్రాగనివారిలో నూటికి 4.5 మంది స్థూలకాయులు. త్రాగినవారిలో నూటికి 2.8 మంది. ఎక్కువ నెలలు త్రాగినకొలది ఆ సంఖ్య యింకను తగ్గినది. తరువాత బలుదేశముల పరిశీలనల నొకచోట గూర్చి చూచినవారికిని ఇట్టి వ్యత్యాసమే కాన్పించెను. మన కరపత్రములకు మూలమిదియే.

అయితే ఇచ్చట నొక చిక్కు గలదు. అట్టి దేశములలో జనులిచ్చు తల్లులెవరు? చదువుకొన్నవారు, కలిగినవారు, పొగ త్రాగనివారు, బిడ్డకేమి పెట్టవలెనో యాలోచించి పెట్టువారు. వారి పిల్లలు సన్నముగా నుండుటకు గారణము పాలా, తక్కిన పెంపకమా? ఈ ముడి విప్పుటకు ఇంగ్లండులోని బ్రిస్టలు ప్రాంతపు పిల్లలను, బ్రెజిలు దేశమందలి పెలోటాసు నగరపు పిల్లలను పోల్చి చూచిరి. పెలోటాసులో జనుబా లిచ్చుటయందు ధనిక దరిద్ర భేద మంతగా లేదు. బ్రిస్టలులో స్తన్యపానమునకును సన్నదనమునకును సంబంధము కాన్పించెను. పెలోటాసులో అట్టి సంబంధము కాన్పింపలేదు. పాలకు ముట్టజెప్పిన కీర్తిలో గొంత యింటి స్థితిగతులదే యని దీనివలన దెలియవచ్చుచున్నది.

ఇంతకంటె గట్టి పరీక్ష బెలారుసు దేశమున జరిగినది. 1996, 1997 సంవత్సరములలో అచ్చటి యాసుపత్రులను చీట్లు వేసినట్లు రెండు పాళ్ళుగా విభజించి, ఒక పాలులోని సిబ్బందికి మాత్రము తల్లులకు జనుబాల విషయమున దోడ్పడుట నేర్పిరి. పదునేడువేలమందికి పైగా శిశువులు ఈ పరీక్షలో జేరిరి. మూడవ నెలలో చనుబాలు మాత్రమే త్రాగు బిడ్డలు నేర్పినచోట నూటికి 43 మంది, నేర్పనిచోట ఆఱుగురు! ఏడాదిలోపల నేర్పినచోటి బిడ్డలకు బేగుజాడ్యములు తగ్గినవి, చర్మమున దద్దురువంటి వ్యాధి సగమైనది. ఇంత జరిగినను, ఆ పిల్లలకు పదునొకండున్నర యేండ్లు వచ్చినపుడు తూచి చూడగా స్థూలకాయమున రెండుపాళ్ళకు భేదము లేదు. ఒక్క సంగతి మఱవరాదు: ఈ తల్లులందఱును ఎంతో కొంత చనుబా లిచ్చినవారే. ఎక్కువకాల మిచ్చుటకును తక్కువకాల మిచ్చుటకును బోలికయే గాని, ఇచ్చుటకును బొత్తిగా ఈయకుండుటకును బోలిక కాదు.

కావున నా యభిప్రాయమిది. పేగుజాడ్యముల నుండి రక్షణ కొఱకు, చెవిపోటు, న్యుమోనియావంటి వానినుండి రక్షణ కొఱకు, తల్లి యారోగ్యము కొఱకు చనుబాలు శిశువునకు దక్కవలసిన సొత్తు. దీనికి సందేహము లేదు. స్థూలకాయమును నివారించుట యన్నది ఉన్నను స్వల్పము. దానిని ధ్వజముమీద నెక్కించి యూరేగింప బనిలేదు.

ఐనను ఆ పరిశోధనలవలన రెండు చక్కని సంగతులు బయటపడినవి. ఇంటిలోనివారికి వీనివలననే యెక్కువ ప్రయోజనము. మొదటిది మాంసకృత్తుల సంగతి. తల్లిపాలలో నూఱు మిల్లీలీటర్లకు మాంసకృత్తులు గ్రామునకు గొంచె మటునిటు; ఆవుపాలలో మూడుగ్రాములకు మించి యుండును. దూడ తొందరగా నెదుగవలెను, మనుష్యశిశువు మెల్లగా నెదుగవలెను, సృష్టిలోని యేర్పాటది. యూరపులోని యైదు దేశములలో డబ్బాపాలు త్రాగు శిశువులను రెండు తెగలుగా జేసి, ఒక తెగకు మాంసకృత్తులు హెచ్చుగాగల పొడిని, ఇంకొక తెగకు దక్కువగాగల పొడిని ఏడాదిపాటు పట్టించిరి. ఆఱవయేట జూడగా హెచ్చు మాంసకృత్తుల తెగలో స్థూలకాయులు రెండింతలకు బైగా నుండిరి.

రెండవది సీసా సంగతి. రొమ్ము త్రాగు బిడ్డ కడుపు నిండగానే నోరు విడుచును. ఎన్ని యౌన్సులు త్రాగెనో తల్లికి దెలియదు, తెలియనక్కఱయు లేదు. సీసామీద గీతలుండును. "ఇంకొక్క గీత మిగిలినది, త్రాగించు" అని అత్తగారనును. నాయనమ్మ సీసా కదలించును. నిద్రపోవుచున్న బిడ్డ నోట మఱల రబ్బరు పెట్టుదురు. అమెరికాలో నొక పరిశీలనయందు, తొలినెలలలో సీసాతో ద్రాగుట యలవాటైన శిశువులు తరువాత సీసాను పూర్తిగా ఖాళీచేయుట యెక్కువయని తేలినది. సీసాలో నున్నవి తల్లి పిండిన పాలైనను ఫలితమట్లే యుండెను. అనగా తప్పు పాలది మాత్రమే కాదు, పట్టించు చేతిది గూడ. మన యుగ్గుగిన్నె సీసాకంటె శుభ్రపఱచుటకు సులభము. ఐనను "గిన్నె ఖాళీ చేయవలె"నను పట్టుదల యుగ్గుగిన్నెలోనికిని వచ్చును. మూడేండ్ల బిడ్డ వెంట బడి, చేతిఫోనులో బొమ్మలు చూపుచు ముద్దమీద ముద్ద కుక్కుట ఆ సీసాగీతల కొనసాగింపే.

అమ్మమ్మలును నాయనమ్మలును ఈ సభలో నున్నారు గనుక వారితో నొకమాట. చనుబాలు త్రాగు బిడ్డ మొదటి రెండుమూడు నెలలు చక్కగా బరువెక్కి, తరువాత డబ్బాబిడ్డకంటె గొంచెము మెల్లగా నెదుగును. అప్పుడే ప్రక్కింటి బొద్దుబిడ్డను జూచి "నీ పాలు చాలుటలేదమ్మా" యని మీరందురు. ఆ మాట విన్న మఱునాడే డబ్బా యింటికి వచ్చును. 2006లో బ్రపంచారోగ్యసంస్థ ప్రకటించిన యెదుగుదల పట్టికలు చనుబాలు త్రాగిన పిల్లలను గొలిచి చేసినవి. బ్రెజిలు, ఘానా, నార్వే, ఒమాను, అమెరికా దేశముల పిల్లలతోబాటు మన ఢిల్లీ పిల్లలును అందులో గలరు. బిడ్డ సరిగా నెదుగుచున్నాడో లేదో ఆ పట్టిక చెప్పవలెను గాని ప్రక్కింటి బిడ్డ బుగ్గలు కాదు.

బుగ్గల సంగతి మనవారికి మఱింత ముఖ్యము. పూనా చెంత పల్లెలలో బుట్టిన శిశువులను ఇంగ్లండు శిశువులతో బోల్చిచూడగా, మన బిడ్డలు బరువున జాల తక్కువైనను వారి యొడలిలో గ్రొవ్వుపాలు పోలికకు మించి యుండెను. 1969 మొదలు 1972 వఱకు ఢిల్లీలో బుట్టినవారిని పెద్దవారగువఱకు వెంబడించి చూచినవా రింకొక సంగతి కనుగొనిరి. ముప్పదియేండ్ల ప్రాయమున మధుమేహమో, దాని పూర్వస్థితియో కాన్పించినవారు రెండేండ్లవఱకు సన్నపు బిడ్డలే. అటుపిమ్మట వయసునకు మించి లావెక్కుచు వచ్చినవారు. దీనినిబట్టి బిడ్డను మాడ్చుమని నేను చెప్పుట లేదు. సన్నపుబిడ్డను తొందరపడి బొద్దుచేయు బిస్కత్తులు, చక్కెర కలిపిన పాలు, సీసాపానకములు మనవారికి మఱింత చేటు.

ఇక తల్లులయెడ మన ధర్మము. పుట్టిన గంటలోపల ముఱ్ఱుపాలు, ఆఱునెలలు తల్లిపాలు మాత్రమే, పిదప మెత్తని యన్నముతోబాటు రెండేండ్లు, ఆపైనను తల్లిపాలు అని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో దేశమున గంటలోపల జనుబాలు దొరకిన బిడ్డలు నూటికి 42 మంది మాత్రమే. ఆ పరిశీలనయందే సిజేరియను కాన్పులు దేశమున నూటికి 21.5, ఆంధ్రప్రదేశమున 42.4, తెలంగాణమున 60.7. శస్త్రచికిత్స జరిగిన తల్లి బిడ్డను తానై యెత్తుకొనజాలదు. ఎవరైన దెచ్చి రొమ్మున కందింపవలెను. అందింపక, డబ్బాపాలు పట్టించి, నాలుగవనాడు "పాలు పడలేదు" అని ఆమె తలమీద నింద వేయుట మన యిండ్లలో జూచుచునే యున్నాము. నిజముగా బాలు చాలని తల్లులును, మందులు వాడుచు ఈయజాలని తల్లులును గలరు. వారు సరియైన కొలతతో డబ్బాపాలు పట్టించినంతమాత్రమున వారి బిడ్డలు స్థూలకాయు లగుదురని యెవ్వరును శాసింపలేరు.

ఈ వ్యాపారమును గూర్చిన చట్టము మన దేశమున 1992లో బుట్టి 2003లో మఱింత బిగిసినది. శిశువుల పాలపొడికిని సీసాలకును బ్రకటనలు కూడదు, డబ్బామీద బిడ్డబొమ్మ కూడదు. సంఘములు ఉచితముగా డబ్బాలు పంచుట దయాకార్యమని తలంచు దాతలుందురు. వారు దయచేసి యా ధనమును వేఱొక త్రోవకు మరలింప బ్రార్థన.

ఆ త్రోవ యేది? మన వార్షికోత్సవములలో శిశుప్రదర్శనము పెట్టి యధికముగా బరువు తూగిన బిడ్డకు వెండిగిన్నె నిచ్చు వాడుక గలదు. ఆ గిన్నె యొక తల్లిని గర్వపెట్టి పదిమంది తల్లులను డబ్బాదుకాణమునకు బంపుచున్నది. దానిని మాని, టీకాలు వేళకు వేయించి యెదుగుదల పట్టిక సరిగా నుంచిన ప్రతి తల్లికిని చిన్న బహుమానమేదైన నిండు. రెండవది, దుకాణములును మిల్లులును గల పోషకులకు విన్నపము. 2017లో బ్రసూతి సెలవు మొదటి యిద్దఱు బిడ్డలకు 26 వారములకు బెంపబడినది. కాని మీ కొట్లలో బట్టలు మడచు యువతులలో నెందఱకు అది దక్కుచున్నదో మీకే తెలియును. మూడవది మన కల్యాణమంటపము. నిన్న రాత్రి భోజనములవేళ ఏడుచుచున్న బిడ్డ నెత్తుకొని యొక బాలింత స్నానపుగదిలోనికి బోయి పాలిచ్చి వచ్చినది. వేయిమంది కూర్చుండు మంటపమున నామె కొక కుర్చీ లేకపోయెను. ఒక చిన్నగది, లోపలినుండి గడియ, రెండు కుర్చీలు, పంకా, చేతులు కడుగుకొనుటకు నీళ్ళు చాలును. క్రొత్తభాగపు ప్లాను ఇంకను ఇంజనీరుగారి యొద్దనే యున్నదని వింటిని. గీతలు ముగియకమునుపే ఈ గదిని దానిలో జేర్పింపవలసినదిగా నిర్మాణసంఘమువారిని గోరుచున్నాను.