ముక్కులో పెరిగే కండ



అరుదైన జబ్బు అనగానే అది ఎక్కడో దూరదేశములోనిది అనుకొంటాము. రైనోస్పోరిడియోసిస్ అట్లు కాదు. 1900లో దీనిని మొదట వర్ణించినవారు అర్జెంటీనాలో పనిచేసిన గిల్లెర్మో సీబర్ గాని, రోగులు ఎక్కువగా ఉన్నది దక్షిణ భారతదేశములోను శ్రీలంకలోను. చెరువులలో, కుంటలలో స్నానము చేసేవారికి, ఏటిలో ఇసుక తీసేవారికి వస్తుంది.

ముక్కులో ఎర్రని కండ పెరుగుతుంది. పైన తెల్లని రవ్వ చల్లినట్లు చుక్కలుంటాయి. తాకితే రక్తము. కొందరికి కంటిరెప్ప లోపల కూడ వస్తుంది.

దీనికి కారణమైన జీవిని 1923లో ఆష్‌వర్త్ గారు బూజు జాతిలో చేర్చారు. పుస్తకాలన్నీ ఏండ్ల తరబడి అదే చెప్పినవి. 1999లో జన్యు పరీక్ష చేయగా, అది చేపలకు జబ్బు చేసే కొన్ని సూక్ష్మజీవులకు చుట్టమని తేలింది! ప్రయోగశాలలో మామూలుగా పెంచడము కుదరదు గనుక మందులు పరీక్షించడము కష్టము.

కాబట్టి ముఖ్య చికిత్స ఆపరేషనే. కండను కోసి, దాని మొదలును విద్యుత్తుతో కాల్చాలి. మొదలు మిగిలితే మళ్లీ పెరుగుతుంది. తిరిగి రాకుండ కొందరు వైద్యులు డాప్సోన్ ఇస్తారు. కుష్ఠు రోగులకిచ్చే ఆ బిళ్ల మన మిషను ఆసుపత్రులకు పాత పరిచయమే.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది ఒకరి నుండి ఒకరికి అంటుతుందనడానికి దాఖలా లేదు. ఆ బిడ్డకు కంచము వేరు పెట్టకండి, పెండ్లి సంబంధము చెడుతుందని జబ్బును దాచకండి. ఇంటిలో గిల్లి తీయవద్దు. ఇ.ఎన్.టి. డాక్టరుకు చూపించండి. ఆపరేషను అయిన తరువాత కూడ రమ్మన్న తారీకున వెళ్లండి. ఏండ్లు గడిచాక కూడ ఇది తిరిగి రావచ్చు.