పన్ను లేని దీవులు – పన్ను తప్పని పౌరులు



సరిహద్దు ప్రాంతాలలో స్థిరపడిన తెలుగువారికి పన్నులలోని భేదం కొత్త విషయం కాదు. యానాంలో పెట్రోలు ధర తక్కువగా ఉన్నప్పుడు చుట్టుపక్కల గోదావరి గ్రామాల వారు అక్కడికే వెళ్ళి బండికి పోయించుకుంటారు. అందులో దోషం లేదు. కొనేవాడు నిజంగానే ఎల్ల దాటాడు. సరుకు నిజంగానే అక్కడ చేతులు మారింది. కొన్ని బహుళజాతి సంస్థల మార్గం వేరు. అక్కడ మనిషీ కదలడు, సరుకూ కదలదు. కాగితం ఒక్కటే సముద్రం దాటుతుంది.

ఆ పద్ధతిని చిన్న లెక్కతో గ్రహించవచ్చు. ఒక సంస్థకు ఈ దేశంలో నూరు కోట్ల లాభం వచ్చిందని ఊహించండి. ఆ సంస్థ వ్యాపార చిహ్నం మీద, తయారీ విధానం మీద ఉన్న హక్కులను పన్ను లేని ఒక ద్వీపంలోని అనుబంధ సంస్థ పేర వ్రాస్తారు. వాటిని వాడుకున్నందుకు ఇక్కడి సంస్థ అక్కడి సంస్థకు ఎనభై కోట్లు రాయల్టీగా పంపుతుంది. ఇక్కడి పద్దులలో ఇరవై కోట్లే లాభంగా మిగులుతుంది, పన్ను దానిమీదనే. అనుబంధ సంస్థ అప్పిచ్చినట్లు వ్రాసి, వడ్డీ పేర లాభాన్ని తరలించడం మరొక ఉపాయం. ఆదాయాన్ని దాచడం నేరం. చట్టంలోని సందును వెదకి పన్ను తగ్గించుకోవడం మాత్రం చాలా సందర్భాలలో నేరం కాదు. చిక్కు అంతా అక్కడే ఉంది.

2007లో హచిసన్ సంస్థ భారతదేశంలోని తన సెల్‌ఫోను వ్యాపారపు వాటాను బ్రిటన్‌కు చెందిన వోడాఫోన్‌కు సుమారు 1,100 కోట్ల డాలర్లకు విక్రయించింది. టవర్లు ఇక్కడివి, చందాదారులు ఇక్కడివారు. చేతులు మారినది మాత్రం కేమన్ దీవులలో నమోదైన సీజీపీ అనే సంస్థకు చెందిన ఒకే ఒక్క షేరు. ఆదాయపు పన్ను శాఖ సుమారు 11,000 కోట్ల రూపాయలు కోరింది. ప్రధాన న్యాయమూర్తి ఎస్.హెచ్. కపాడియా నాయకత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం 2012 జనవరి 20న, నాటి చట్టం ప్రకారం ఆ అమ్మకంపై పన్ను వేసే అధికారం ప్రభుత్వానికి లేదని తీర్పు చెప్పింది. సంస్థ అంతకుముందు జమచేసిన 2,500 కోట్లను వడ్డీతో తిరిగి ఇవ్వవలసి వచ్చింది.

ప్రభుత్వం అదే సంవత్సరం చట్టాన్ని గడచిన కాలానికి కూడా వర్తించేలా సవరించింది. 2020లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ సభ వోడాఫోన్ పక్షాన నిర్ణయం ఇచ్చింది. 2021లో పార్లమెంటు చట్టం చేసి అటువంటి పాత పన్ను కోరికలను ఉపసంహరించింది. వరద పోయిన తరువాత వేసిన కట్ట నీటిని నిలుపలేదు. సందును ముందుగా చూసి మూయడమే రాజ్యధర్మం.

మారిషస్ ఒప్పందం కూడా అదే పాఠం చెబుతుంది. ఒకే ఆదాయంపై రెండు దేశాలూ పన్ను వేయరాదని 1982లో ఆ ఒప్పందం కుదిరింది. షేర్లు అమ్మిన లాభంపై పన్ను వేసే హక్కు మారిషస్‌కు దక్కింది. మారిషస్ ఆ పన్ను వేయలేదు. రెండు పన్నులు వద్దనుకుంటే ఒక్కటీ లేకుండా పోయింది. 2016లో ఒప్పందాన్ని సవరించి, 2017 ఏప్రిల్ 1 నుంచి కొన్న షేర్ల లాభంపై పన్ను వేసే అధికారాన్ని భారతదేశం తిరిగి పొందింది.

సంపన్న దేశాలకూ ఈ బాధ తప్పలేదు. యాపిల్ సంస్థకు చెందిన ఒక ఐర్లండు శాఖ 2014లో తన ఐరోపా లాభాలపై చెల్లించిన పన్ను 0.005 శాతమేనని 2016లో ఐరోపా కమిషన్ ప్రకటించింది. అనగా పది లక్షల యూరోల లాభానికి 50 యూరోలు. ఆ లాభాలను ఉద్యోగులు గాని కార్యాలయం గాని లేని ఒక ‘ప్రధాన కార్యాలయం’ లెక్కలో చూపారని కమిషన్ వివరించింది. 1,300 కోట్ల యూరోల బకాయి చెల్లించవలసిందేనని 2024 సెప్టెంబరు 10న ఐరోపా న్యాయస్థానం తుది తీర్పు ఇచ్చింది.

దీనితో పాఠశాలకేమి సంబంధమని ఎవరైనా అడగవచ్చు. 2004లో ఆదాయపు పన్నుపై 2 శాతం విద్యా సెస్సు మొదలైంది. 2018 నుంచి ఆరోగ్యానికీ విద్యకూ కలిపి అది 4 శాతం. పన్నే లేని చోట ఆ సెస్సు కూడా ఉండదు. ఉపాధ్యాయుని జీతం చేతికి రాకముందే అందులో పన్ను తెగుతుంది. సబ్బుబిళ్ళ కొన్న కూలీ కూడా ధరతోపాటు పన్ను చెల్లిస్తాడు. వారెవరూ తమ చిరునామాను కేమన్ దీవులకు మార్చుకోలేరు. కదలగలిగినవాడు దించుకున్న బరువు కదలలేనివాని భుజం మీద పడుతుంది. లేదా ఆ మేరకు ఒక బడి, ఒక ఆసుపత్రి వెనుకబడుతుంది.

పెద్ద సంస్థల లాభంపై కనీసం 15 శాతం పన్ను ఉండాలని 2021లో 136 దేశాలు అంగీకరించాయి. ఆ ఒప్పందం తమ దేశంలో చెల్లదని 2025 జనవరిలో అమెరికా ప్రకటించింది. మార్గం ఇంకా సుగమం కాలేదు. శ్రమ జరిగిన చోట, సరుకు అమ్ముడైన చోట లాభాన్ని లెక్కించాలనే న్యాయం మాత్రం స్పష్టం.

ఇటువంటి బడులలో కూడికలు, తీసివేతలు నేర్చినవారే పెరిగి పద్దులు వ్రాస్తారు, న్యాయవాదులవుతారు, అధికారులవుతారు. వారి ముందుకు రేపు ఇటువంటి కాగితం వచ్చినప్పుడు, ఇది చట్టానికి లోబడినదా అని అడగడంతో ఆగక, దీని బరువు ఎవరి మీద పడుతుందని కూడా అడగగలిగితే, గురువులు నేర్పిన లెక్క సార్థకమవుతుంది. అట్టి పౌరులను తీర్చిదిద్దుతూ ఈ విద్యాలయం శతవసంతాలు చూచుగాక!