బస్సులో అదబ్



బడిలో పిల్లలకు అదబ్ నేర్పే మాస్టర్ని నేను. ఆ పాఠం సిటీ బస్సులో నాకు నా శిష్యుడే చెప్పాడు. చంకలో బిడ్డతో ఒక తల్లి నిలబడి ఉంటే, నేను చూడనట్టు కిటికీవైపు తిరిగి కూర్చున్నాను. వెనక సీట్లోంచి వాడు లేచి, "ఆపా, కూర్చోండి" అన్నాడు. సిగ్గుతో నా తల వంగిపోయింది.

1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో మొదలుపెట్టిన సర్వీసే మన ఆర్టీసీకి మూలం. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు బస్సు ప్రయాణం ఉచితమైంది. రద్దీ పెరిగింది. "ఊరికే ఎక్కినవాళ్ళకు సీటెందుకు?" అని కొందరు గొణుగుతున్నారు. అయ్యా, జీరో టిక్కెట్టూ టిక్కెట్టే!

దిగేవారిని ముందు దిగనిద్దాం. ముసలివారికి, బిడ్డతల్లులకు లేచి చోటిద్దాం. ఇంట్లో చెప్పే అదబ్ బస్సులోనూ కనబడాలి. సెలవు.